చెవి తమ్మె మీద బొడిపె

చెవి కుట్టించిన చోట పుండు ఎప్పుడో మానిపోయింది. మూడు నాలుగు నెలలు గడిచాక తమ్మె వెనక శనగగింజంత బొడిపె లేస్తుంది. నున్నగా మెరుస్తుంది, చేత్తో తడిమితే గట్టిగా తగులుతుంది, ఉండుండి దురద పెడుతుంది. రాత్రి ఆ పక్కకు ఒత్తిగిలితే నొప్పి. ‘చిన్నదేగా, కోయించేయ్’ అంటారు ఇంట్లోవాళ్లు. ఇంతకు మించిన చెడ్డ సలహా లేదు.

చర్మం తెగగానే ముందు రక్తం గడ్డకడుతుంది. తర్వాత వాపు వస్తుంది, తెల్లకణాలు చేరి క్రిములను ఏరేస్తాయి. ఆ వెనకే ఫైబ్రోబ్లాస్ట్ కణాలు కొలాజెన్ పోగులు అల్లుతాయి. తొలి అల్లిక హడావుడిది. దాన్ని తీసేస్తూ గట్టి పోగులతో మళ్లీ అల్లే పని ఏడాది పైనే సాగవచ్చు. అంత చేసినా మచ్చ బలం మామూలు చర్మంలో 80 శాతం దాటదు. కుట్లు విప్పినరోజే గాయం మానిందనుకోవడం తొందరపాటు.

కొందరిలో ఈ అల్లిక ఎక్కడ ఆగాలో అక్కడ ఆగదు. ఉబ్బు గాయం హద్దులోనే ఉంటే హైపర్‌ట్రోఫిక్ మచ్చ; అది చాలామందిలో కాలం గడిచేకొద్దీ దానంతటదే అణుగుతుంది. హద్దు దాటి పక్కనున్న మంచి చర్మం మీదికి పాకితే కెలాయిడ్. 19వ శతాబ్దం మొదట్లో దీన్ని వర్ణించిన పారిస్ వైద్యుడు జాన్ లూయీ అలీబెర్‌కు ఆ అంచులు పీత కాళ్లలా కనిపించాయి. ఇది క్యాన్సర్ కాదు, ఒకరి నుంచి ఒకరికి అంటుకోదు.

చెవి తమ్మె, భుజం, ఛాతీ నడిమి భాగం, దవడ దీనికి అనువైన చోట్లు. బీసీజీ టీకా మచ్చ మీదా రావచ్చు, మొటిమ మానిన చోటా రావచ్చు. 10 నుంచి 30 ఏళ్ల మధ్య వయసువారిలో, చర్మం రంగు ముదురుగా ఉన్నవారిలో ఎక్కువ.

కోత కూడా గాయమే. ఉత్త కోతతో సరిపెడితే సగం మందికో, అంతకన్నా ఎక్కువ మందికో మళ్లీ వస్తుంది, ఒక్కోసారి ఇంకా పెద్దదై. అందుకే చర్మవైద్యులు ట్రయామ్సినొలోన్ ఇంజెక్షన్ నేరుగా బొడిపెలోకే, నాలుగు నుంచి ఆరు వారాలకోసారి ఇస్తారు. ఆ గట్టిదనంలోకి సూది దిగేటప్పుడు నొప్పి బాగానే ఉంటుంది. ఓర్చుకోవాల్సిందే, మధ్యలో మానేస్తే పడ్డ బాధంతా వృథా. కోయక తప్పకపోతే ఆ వెంటే ఇంజెక్షన్లు, తమ్మెను ఒత్తిపట్టే కమ్మలు, కొందరికి రేడియేషన్ తోడవ్వాలి.

ఇంట్లో ఎవరికైనా కెలాయిడ్ ఉంటే పిల్లల చెవులు 11 ఏళ్లలోపే కుట్టించండి, రెండో కుట్టు జోలికి పోకండి. ఏ ఆపరేషన్‌కు వెళ్లినా ఆ సంగతి సర్జన్‌కు ముందే చెప్పండి.