ఫొటోకి సూది గుచ్చితే

ఫొటో మీద ఎంబ్రాయిడరీ నేర్చుకుంటున్నానంటే మొదట అందరూ అడిగేది ఒకటే, చిరిగిపోదూ అని. చిరుగుతుంది. కన్నాలు మరీ పక్కపక్కన పడితే పోస్టాఫీసు స్టాంపుల షీటులాగా ఆ గీత వెంబడి ఊడి చేతికొస్తుంది. అందుకని కన్నానికీ కన్నానికీ మధ్య మూడు మిల్లీమీటర్లయినా వదలాలి. జాకెట్టు మీద కుట్టి అలవాటైన చేతికి ఇది కొత్త. గుడ్డ మీద కుట్టు నచ్చకపోతే విప్పేసి, గోటితో రెండుసార్లు రుద్దితే నేత మళ్లీ సర్దుకుంటుంది. కాగితంలో నేత ఎక్కడిది? పడిన కన్నం పడినట్టే ఉంటుంది. వెలుతురుకి పట్టి చూస్తే చుక్కలా మెరుస్తూ మన తొందరపాటు గురించి చాడీలు చెబుతుంది.

కాబట్టి ఇందులో కుట్టడం రెండో అంకం. మొదటిది పొడవడం. ఫొటో మీద ట్రేసింగ్ పేపర్ పరిచి, కావలసిన గీత గీసి, దాని మీద చుక్కలు పెట్టుకుని, కింద థర్మాకోల్ ముక్క వేసి, సన్నటి సూదితో ఒక్కో చుక్కనీ నిటారుగా గుచ్చాలి. సూది వాలితే ముందు కన్నం ఒకచోట, వెనక కన్నం మరోచోట. అన్నీ గుచ్చాకే దారం. యాంకర్ లచ్చిలో ఆరు పోగులుంటాయి కదా, రెండు విడదీసుకుంటే చాలు. ఆరూ కలిపి లాగితే కన్నం నోరు తెరుస్తుంది. వెనక ముడి వేస్తే ముందువైపు ఉబ్బెత్తుగా తెలిసిపోతుంది, అందుకని దారం కొసని చిన్న టేపు ముక్కతో అంటించేస్తే సరి.

కాగితం ల్యాబ్ ప్రింటుదే మేలు. దానికి రెండువైపులా సన్నటి ప్లాస్టిక్ పూత ఉంటుంది, సూది పోటుకి తట్టుకుంటుంది. మెరిసే రకం వద్దు, మ్యాట్ అడగాలి. లేకపోతే పని పూర్తయ్యేసరికి ఫొటో నిండా మన వేలిముద్రలే. అసలు ఫొటోని మాత్రం, చెయ్యి ఎంత తిరిగినా, ముట్టుకోకూడదు. స్కాన్ చేయించి ప్రింటు తీయించుకోవాలి. ఇందులో మొహమాటాలేం లేవు. ఆల్బమ్‌లో ఉన్నది ఇంటిల్లిపాదిదీ, మన ఒక్కళ్లదే కాదు.

కుట్లేమో పాతవే, హైస్కూల్లో కుట్టు క్లాసులో నేర్పినవే. చీర అంచుకి కాడకుట్టు. జడకి గొలుసుకుట్టు. జడలో మల్లెమొగ్గలకి ముడికుట్టు, సూదికి రెండే చుట్లు. మూడు చుడితే మొగ్గ కాస్తా బటాణీ అయి కూర్చుంటుంది. అసలు కష్టం ఎక్కడ కుట్టకూడదో తేల్చుకోవడం. మగ్గం వర్కు చూసీ చూసీ మన కళ్లకి ఖాళీ కనిపిస్తే చాలు చమ్కీ పెట్టాలనిపిస్తుంది. ఫొటో దగ్గర ఆ బుద్ధి పనికిరాదు. ఒక కుట్టు పడిందంటే దాని కింద ఉన్నదేదో మాయమైనట్టే. స్టూడియో తెర మీద వేసిన తాజ్‌మహల్ పోతే పోనీ. చేతి వేళ్లు ఒకదాన్నొకటి గట్టిగా పట్టుకున్న తీరు పోకూడదు. ఫోన్లో వేలకొద్దీ ఫొటోలున్న నేను ఒక ఫొటోని ఇంతసేపు చూడడం ఈ పిచ్చి పట్టాకే మొదలుపెట్టాను.

అందరిలోకీ మా పెద్దమ్మ అడిగింది వేరు. "బతికున్న మనిషి బొమ్మకి సూదులు గుచ్చుతావేంటే? చేతబడి చేసేవాళ్ల పని అది." నవ్వాను కానీ కొట్టిపారేయలేకపోయాను. మన ఇళ్లలో ఫొటో అంటే దాదాపు మనిషే. కింద పడి అద్దం పగిలితే గుండె గుబేలుమంటుంది. ఇంటర్నెట్‌లో దొరికే నమూనాలు చూడండి, మొహం చుట్టూ పూలచక్రం కుట్టినవి బోలెడు. వాళ్ల గోడ మీద అందంగానే ఉంటాయి. మన హాల్లో తగిలిస్తే వచ్చినవాళ్లు కాఫీ కప్పు కింద పెట్టేసి "ఎప్పుడు పోయారండీ?" అంటారు. మెడలో దండా, నుదుటన ఎర్రముడీ నేను కుట్టను. ఇది మూఢనమ్మకమని ఎవరైనా అంటే అననివ్వండి.

అలాగని బొమ్మని ముస్తాబు చేయడం మనకి తెలియనిదేం కాదు. 1894లో బొంబాయిలో మొదలైన రవివర్మ ప్రెస్సు నుంచి లక్ష్మీ సరస్వతుల అచ్చు బొమ్మలు ఇంటింటికీ చేరాక, కొన్ని ఇళ్లలో వాటికి గుడ్డముక్కల చీరలు కట్టి, జరీ, చమ్కీలు అంటించేవారు. ఇప్పుడవి మ్యూజియంలవాళ్లూ సేకర్తలూ వెతుక్కునే సరుకు.

ఫొటో మీద కుట్టే ఈ కళలో పేరున్నవాళ్లలో ఇటలీలో పుట్టి లండన్‌లో స్థిరపడ్డ మౌరిజియో అంజేరి ఒకరు. పాత సామాన్ల సంతల్లో దొరికిన, పేరూ ఊరూ తెలియని మనుషుల ఫొటోల మీద మొహాలే కప్పేసేలా దారాలు లాగుతాడు. పనితనం అమోఘం. అయినా ఆ మొహాల తాలూకు మనవళ్లు ఎక్కడో ఉంటారన్న గుంజాటన నన్ను వదలదు. ఐవరీ కోస్ట్‌కి చెందిన జోవానా చౌమాలీ దారి నాకు దగ్గర. 2016 మార్చిలో గ్రాండ్ బస్సామ్ అనే సముద్రతీర పట్టణంలో ఉగ్రదాడి జరిగింది. కొన్ని వారాల తర్వాత ఆమె అక్కడికి వెళ్లి, బోసిపోయిన వీధుల్ని ఫోన్‌తో తీసి, గుడ్డ మీద అచ్చు వేయించి, రంగు దారాలతో కుట్టుకుంటూ పోయింది. ఆ పనికే 2019లో ప్రీ పిక్టే బహుమతి వచ్చింది. మన దేశానికే చెందిన స్పందితా మాలిక్ ఇంకో అడుగు ముందుకేసింది. ఇంట్లో హింసకి గురైన ఆడవాళ్ల ఫొటోలు తీసి, గుడ్డ మీద అచ్చు వేసి, ఆ గుడ్డని వాళ్ల చేతికే ఇచ్చింది. ఎవరి బొమ్మ మీద వాళ్లే కుట్టుకున్నారు. కొందరు తమ మొహాన్ని దారంతో పూర్తిగా కప్పేసుకున్నారు. అలా కప్పుకునే హక్కు వాళ్లదే, అంజేరి దగ్గర నాకు అడ్డుపడేదీ సరిగ్గా అదే.

ప్రస్తుతం నా బల్ల మీద ఉన్నది పెద్దమ్మ ఫొటోయే. పెళ్లయిన కొత్తలో పాలకొల్లు స్టూడియోలో తీయించుకున్నది, నలుపు తెలుపు. చీర అంచు ఒక్కటే కుడదామని రంగు అడిగాను.

"నెమలికంఠం" అంది పెద్దమ్మ.

"కాదు వదినా, మెరూను. సైకిల్ మీద ముందు నేనే వెళ్లి స్టూడియోవాడికి చెప్పొచ్చాను, నాకు తెలీదా?" అన్నాడు బాబాయి.

"నువ్వు చూసింది దుప్పటి రంగయ్యుంటుంది."

రెండు లచ్చులూ ఫొటో పక్కన పెట్టి చూస్తే రెండూ నప్పుతున్నాయి, అదో తంటా. ఆ తగవు తీరకముందే స్పందితా మాలిక్ సంగతి పెద్దమ్మకి చెప్పాను. చిన్నప్పటి నుంచీ లేసు అల్లిన చెయ్యి ఆవిడది. ఆ చుట్టుపక్కల ఊళ్లలో లేసు అల్లని ఇల్లు ఆ రోజుల్లో అరుదు. కాసేపు నా కన్నాల వరస వేలితో తడిమి చూసింది.

"అయితే నా బొమ్మ మీద నువ్వు కుట్టడమేంటి? నేనే కుట్టుకుంటాను. ఈ అరచేతంత దాంట్లో నాకు కళ్లు ఆనవు గానీ, గోడకి పెట్టేంత పెద్దది తీయించు. కన్నాలు మాత్రం నువ్వే పొడిచిపెట్టు, ఆ పాపమేదో నీకే ఉండనీ."