అరికాళ్ల మంట, కిడ్నీ లెక్క

"రాత్రిపూట దుప్పటి తగిలినా ఓర్చుకోలేకపోతున్నా సారూ." మార్కాపురం, కంభం, గిద్దలూరు వైపు షుగర్ పేషెంట్ల నోట నేను తరచూ వినే మాట ఇది. మంట, తిమ్మిరి, సూదులు గుచ్చినట్టు పోట్లు. ఇది నరాలు దెబ్బతిన్న నొప్పి. డైక్లోఫెనాక్ లాంటి నొప్పి గోలీలకు లొంగదు. అయినా ఆ గోలీలు చాలామంది సంచిలో ముందే ఉంటాయి. ఫ్లోరైడ్ నీళ్లతో కీళ్లు, నడుములు పట్టేసిన ఊళ్లు మనవి. ఏళ్ల తరబడి మింగుతూనే ఉంటారు. అవి కిడ్నీల మీద పడతాయి.

అందుకే మందు రాసే ముందు కిడ్నీ పనితీరు తెలిపే క్రియాటినిన్ చూస్తాను. ఈ నొప్పికి నేను రాసే మూడు మందుల్లో ప్రీగాబాలిన్ దాదాపుగా మారకుండా మూత్రంలోనే బయటికి పోవాలి. కిడ్నీలు మందగిస్తే ఒంట్లో నిలిచిపోతుంది: మగత, తూలు, కాళ్ల వాపు. ఆ వాపుకు ఇంకో బిళ్ల రాయించుకొచ్చినవాళ్లూ ఉన్నారు! కిడ్నీ పనితీరును బట్టి డోసు తగ్గించాలి. డులోక్సెటిన్ కిడ్నీ బాగా దెబ్బతిన్నవాళ్లకు ఇవ్వను. మిగతావాళ్లను అన్నం తిన్నాక వేసుకోమంటాను, వికారం తగ్గుతుంది. అమిట్రిప్టిలిన్ పాతది, చవక. రాత్రి 10 మిల్లీగ్రాములతో మొదలుపెడితే నిద్ర కూడా పడుతుంది. ప్రోస్టేట్ పెరిగిన పెద్దాయనకు మాత్రం మూత్రం ఆగిపోవచ్చు, గుండె జబ్బుంటే ఇంకా జాగ్రత్త.

మూడింట్లో ఏది మేలు? 2022లో లాన్సెట్‌లో వచ్చిన బ్రిటన్ పరిశోధన ఆప్షన్-డీఎంలో ఏది ముందు ఇచ్చినా ఫలితం ఇంచుమించు ఒకటే. ఒకటి చాలనివాళ్లకు రెండోది కలిపితే ఉపశమనం పెరిగింది. కాబట్టి మనిషిని, జేబును చూసి ఎంచుకోవడమే.

షుగర్ మందు మెట్‌ఫార్మిన్ చాలాకాలం వాడితే నరాలకు అవసరమైన బీ12 విటమిన్ తగ్గొచ్చు. లోపం ఉంటే తప్పక ఇవ్వాలి. లోపం లేకుండా నెలనెలా కొనే "నరాల బలం బిళ్లలు" దండగని నా అభిప్రాయం.

మిరపకాయలోని కాప్సైసిన్‌తో చేసిన 8 శాతం పట్టీకి 2020లో అమెరికాలో పాదాల నొప్పికి అనుమతి వచ్చిందని చెబితే, ఒకావిడ "అయితే కారం పూసుకోనా సారూ?" అంది. వద్దమ్మా, చర్మం బొబ్బలెక్కుతుంది.

నొప్పి సగానికి తగ్గితే మందు పనిచేసినట్టేనని ముందే చెప్పాలి. లేకపోతే మూడో రోజే మానేస్తారు. ఈ మందులు నొప్పిని తగ్గిస్తాయే గానీ నరాన్ని బాగుచేయవు. మందు మానేసినా మంట దానంతటదే పోయిందని సంతోషంగా వచ్చినవాళ్లను కళ్లు మూసుకోమని, 10 గ్రాముల ఒత్తిడికి వంగే నైలాన్ పోగుతో అరికాలు తాకుతాను. తెలియలేదంటే మంటతోపాటు స్పర్శ కూడా పోయినట్టే, దెబ్బ తగిలినా తెలియదు. అప్పటినుంచి ఇంట్లో కూడా చెప్పులు, రోజూ పడుకునేముందు కాళ్లు చూసుకోవడం.