వేలు నోటిమీద, చెయ్యి భుజంమీద

బడిపిల్లల్ని మ్యూజియంలో నడిపించడం మీరెప్పుడైనా చూశారా? ముందువాడి భుజంమీద వెనకవాడి చెయ్యి. రెండో చేతి చూపుడువేలు నోటిమీద. అచ్చు రైలుబండి ఆటలాగే ఉంటుంది గానీ, ఈ రైలు కూత వెయ్యకూడదు, ఏ స్టేషన్లోనూ ఆగకూడదు.

ఈమధ్య అలాంటి రైలుకి నేనూ గార్డు ఉద్యోగం చేశాను. మా అమ్మాయి బళ్లో నాలుగో తరగతి పిల్లల్ని విశాఖపట్నం బీచిరోడ్డులో ఉన్న విశాఖ మ్యూజియానికి తీసుకెళ్తూ, సాయానికి నలుగురు తల్లుల్ని పంపమన్నారు. "ఇంట్లో కూచుని రాసుకోవడమే కదా, నువ్వెళ్లు" అని మావారు నా పేరు ఇచ్చేశారు.

ఆనాటి కార్యక్రమం కాయితంమీద అచ్చేసి ఇచ్చారు. పొద్దున్నే మ్యూజియం. తరవాత అదే రోడ్డులో కురుసుర జలాంతర్గామి. దానికెదురుగా టి.యు.-142 విమానం. పులిహోర పొట్లాలు. మధ్యాహ్నం కైలాసగిరి. వీటన్నిటిలో మ్యూజియం వాటా ఇరవై అయిదు నిమిషాలు! అరవైమంది పిల్లలు, ఇరవై అయిదు నిమిషాలు. లెక్కల్లో నేను మొదట్నించీ వెనకే గానీ, పిల్లకి అర నిమిషం కూడా రాదని తెలియడానికి ఆపాటి లెక్క చాలు.

పోనీ, చూడ్డానికేమీ లేదా అంటే ఎంతో ఉంది. పాత డచ్చి బంగళాలో 1991లో మొదలైన మ్యూజియం అది. కత్తులూ, నాణేలూ, పాతకాలపు చిత్రపటాలూ, ఓడల నమూనాలూ. వీటన్నిటి మధ్యా ఒక బాంబు. 1942 ఏప్రిల్ 6న జపాను విమానాలు ఈ ఊరిమీద బాంబులు వేశాయి. కాకినాడమీద కూడా అదే రోజున వేశాయి. వాటిలో పేలకుండా మిగిలినదొకటి బుద్ధిమంతురాలిలా ఇక్కడ కూచునుంది.

మా రైలు దానిముందు నించి వెళ్తూండగా రెండుజడల పిల్ల ఒకతి ఆగిపోయింది. నోటిమీంచి వేలు తీసేసింది.

"ఇది పేలలేదు కదా. మరి పేలినవి ఎక్కడ పడ్డాయి? అక్కడ ఎవరున్నారు?"

ముందునించి టీచరుగారి కేక వినిపించింది. "లైను కదలాలి! లైను!" ఆ పిల్ల చెయ్యి పట్టుకుని ముందుకి లాగింది మరెవరో కాదు, నేనే. "పదమ్మా పద, ఆలస్యమైపోతోంది" అన్నాను.

బస్సెక్కాక సిగ్గేసింది. ఎందుకంటే ఆ ప్రశ్నకి కొంత జవాబు నాకు తెలుసు. మా అమ్మమ్మకి అప్పుడు పన్నెండేళ్లు, వాళ్లిల్లు పాత ఊళ్లోనే. బాంబులు హార్బరు వైపు పడ్డాయనీ, మర్నాడు వీధికి వీధే ఖాళీ అయిందనీ, ఎడ్లబండి కట్టుకుని విజయనగరం అవతల పల్లెకి పోయామనీ ఎన్నిసార్లు చెప్పిందో. ఏడాదికి సరిపడా కొని, ఉప్పేసి దాచిన కొత్త చింతపండు కుండ ఇంట్లోనే వదిలేసి వచ్చినందుకు వాళ్లమ్మ దారంతా ఏడ్చిందట. ఆంధ్ర విశ్వవిద్యాలయమే కొన్నాళ్లు గుంటూరుకి తరలిపోయిన రోజులవి. చింతపండు కుండనెవరు పట్టించుకుంటారు?

టీచర్లని తప్పుపట్టడం తేలిక. ఏమాటకామాటే చెప్పుకోవాలి. అరవైమందికి ఇద్దరే టీచర్లు. ఒక్క పిల్ల తప్పిపోయినా, ఒక్క అద్దం పగిలినా మాట పడేది వాళ్లే. అందుకే వాళ్ల చూపు వస్తువులమీద ఉండదు, తలలమీద ఉంటుంది. ఎక్కిన తలలూ దిగిన తలలూ సరిపోతే యాత్ర జయప్రదమే. మనం మాత్రం తక్కువా? పిల్ల ఇంటికి రాగానే "ఎన్ని చూశారే?" అంటాం గానీ "ఏం అడిగావే?" అనం. ఒక్క మ్యూజియమే చూపించి తీసుకొస్తే "ఇంతోటిదానికి అంత డబ్బు కట్టించుకున్నారా!" అని గొణిగేదీ మనమే.

నన్ను నిజంగా బాధపెట్టింది ఇంకోటి. "నేను చూసిన మ్యూజియం" అని పది వాక్యాలు రాసుకు రమ్మన్నారు కదా, రాద్దువుగాని రమ్మంటే మా అమ్మాయి అప్పటికే రాసేసిన పుస్తకం చూపించింది. వెళ్లడానికి ముందురోజే బోర్డుమీద రాసిపెట్టారట! "మేము ఎంతో విజ్ఞానం సంపాదించాము" అన్నది పదో వాక్యం.

దేశంకాని దేశంనించి తెచ్చిన వస్తువైతే, అద్దంలోంచి చూసి ఆశ్చర్యపోయి వచ్చేస్తాం. సొంత ఊరి మ్యూజియం సంగతి వేరు. అక్కడ వస్తువు సగమే ఉంటుంది. మిగతా సగం ఆ ఊరి ఇళ్లల్లో, ముసలివాళ్ల నోళ్లల్లో ఉంటుంది. 1933లో ఈ ఊళ్లో హార్బరు ప్రారంభమైంది. ఆ అరవైమందిలో తాతలో ముత్తాతలో ఆ హార్బరులో పనిచేసినవాళ్లు కొందరైనా ఉండకపోరు. ఓడ నమూనా చూపించేముందు "మీ ఇంట్లో ఎవరైనా ఓడలమీద పనిచేశారా? కనుక్కు రండి" అని ఒక్క మాట అంటే, పిల్లలు ఆ అద్దాలముందు అలా చేతులు కట్టుకుని నడిచిపోరు.

ఖర్చులేని పని ఇది. ఒక రోజుకి ఒకే మ్యూజియం, అందులోనూ ఒకటి రెండు గదులే చూపిస్తే చాలు. అరవైమందినీ మూడు జట్లు చేసి, సాయం వచ్చిన తల్లులకి తలల లెక్క అప్పగిస్తే, టీచర్లకి మాట్లాడే తీరిక దొరుకుతుంది. పిల్లలు నచ్చిన వస్తువు ముందు చతికిలబడి బొమ్మ వేసుకోవచ్చు. పది వాక్యాల బదులు ఒక్క ప్రశ్న రాసుకొస్తే సరి. కైలాసగిరి ఎక్కడికీ పోదు.

మొన్న ఆదివారం ఆ రెండుజడల పిల్లని మా అమ్మాయి ఇంటికి తీసుకొచ్చింది. చెయ్యి పట్టుకు లాగినందుకు ప్రాయశ్చిత్తంగా జంతికలు పెట్టి, మా అమ్మమ్మ కథంతా చెప్పాను. ఎడ్లబండీ, ఖాళీ వీధులూ, చింతపండు కుండా. పిల్ల నమలడం ఆపి విన్నది. అంతా విని అడిగింది:

"తిరిగొచ్చేసరికి కుండ ఉందా ఆంటీ?"

ఆ కథ నేను యాభైసార్లు విని ఉంటాను. ఆ మాట ఒక్కసారి కూడా అడగలేదు. ఇప్పుడు అడుగుదామంటే అమ్మమ్మ లేదు.

మీ ఇంట్లో పెద్దవాళ్లుంటే అడగవలసినవి ఈవారమే అడిగేయండి. ఆ తరవాత పిల్లల్ని తీసుకుని మీరే ఒకసారి మ్యూజియానికి వెళ్లండి. లైను లేకుండా.