విద్యాధరజాతి: అద్భుతకల్పనమందలి కట్టుబాటు

అమరకోశము నారంభించిన బాలునకు స్వర్గవర్గములోనే దేవయోనులు పదియు గంఠస్థమగును. విద్యాధరులు, అప్సరసలు, యక్షులు, రాక్షసులు, గంధర్వులు, కిన్నరులు, పిశాచులు, గుహ్యకులు, సిద్ధులు, భూతములు అని యమరసింహుడు లెక్క పెట్టినాడు. నా కడ జదువుకొనుచుండిన యొక బాలుడు ఈ పట్టున నాగి, “అయ్యా, గంధర్వునకును విద్యాధరునకును భేదమేమి?” యని యడిగెను. గంధర్వుడు పాడును, విద్యాధరు డెగురును అంటిని. “గంధర్వుడు మాత్ర మెగురడా?” యనెను. ఎగురును గదా! ఆనాడు వానిని గద్దించి పాఠము ముందునకు సాగించితిని గాని, ప్రశ్న నన్ను విడువలేదు. ఈ వ్యాసమునకు మూల మా ప్రశ్నయే.

పదింటిలో మొదటి పేరు తక్కిన తొమ్మిదింటితో గలియదు. యక్షుడు పుట్టుకచే యక్షుడు. కిన్నరుడు రూపముచే గిన్నరుడు. విద్యాధరుడో, విద్యను ధరించినవాడు. ధరించిన వస్తువు జారిపోవచ్చును, ఒరులు హరింపవచ్చును, మఱియొకనికి బెట్టవచ్చును. కాబట్టి యమరుడు ‘యోని’ యని పుట్టుకతో ముడివెట్టిన జాతిని, దాని పేరే యార్జనముతో ముడివెట్టుచున్నది. వేదమున నీ జాతి లేదు. ఋగ్వేదమున గంధర్వు డున్నాడు, అప్సరస యున్నది. విద్యాధరుని జాడ గానము. రామాయణమున సుందరకాండమునందు హనుమంతుడు మహేంద్రగిరిని ద్రొక్కి లంఘింపబోవునపుడు, పానగోష్ఠినున్న విద్యాధరులు పాత్రలు విడిచి స్త్రీలతో నాకసమున కెగసి వింత చూతురు. అక్కడ వారు చూపరులే. వారికొక చరిత్రము లేదు. ఆ చరిత్రమును గట్టినవారు కథకులు. ఎట్లు గట్టిరో విచారించుట మన పని.

అద్భుతకథలో నెద్దియైన జరుగవచ్చును, అందు నియమములు వెదకుట యెడారిలో నీరు వెదకుట వంటిది, అనువారు పండితులలోను గలరు. ఈ మాట నేనొప్పుకొనజాలను. మనుచరిత్రము చదివిన వారెవ్వరు నొప్పుకొనగూడదు. ప్రవరునకు సిద్ధుడిచ్చిన పాదలేపము హిమాద్రి మంచున గరగిపోయినది. అది కరగనిచో నాతడు సాయంకాలపు వేళకు అరుణాస్పదమున నుండును. వరూధిని లేదు, స్వరోచి లేడు, కావ్యమే లేదు. పసరునకు మహిమ యుండుట కాదు, ఆ మహిమకు మేర యుండుట కథను బుట్టించినది. ఈ సూత్రము నింతకంటె విరివిగా నొక జాతి యంతటికి నన్వయించి చూపినవారు బృహత్కథాసంప్రదాయపు కవులు.

శాతవాహనుని యాస్థానముతో ముడివడిన గుణాఢ్యుని పైశాచీగ్రంథము మనకు దక్కలేదు. ఏడులక్షల గ్రంథములో నాఱులక్షలు అగ్నిపాలైన వృత్తాంతము కథాసరిత్సాగరము చెప్పుచున్నది. అది చరిత్రమో కథయో నాకిక్కడ నక్కఱలేదు. దాని ననుసరించిన సంస్కృతగ్రంథములలో క్షేమేంద్రుని బృహత్కథామంజరియు, సోమదేవుని కథాసరిత్సాగరమును కాశ్మీరమున 11వ శతాబ్దిలో బుట్టినవి. బుధస్వామి రచించిన బృహత్కథాశ్లోకసంగ్రహము నేపాళమున దొరకినది. లాకోతు అను ఫ్రెంచిపండితుడు 1908లో దానిపై గ్రంథము వెలువరించెను. దొరకినంతవఱకు ఇరువదియెనిమిది సర్గలు. కథ ముగియకయే నిలిచినది.

సోమదేవుని పీఠికలో నొక మాట కలదు. దానిని మన విమర్శకులు తగినంతగా బట్టించుకొనలేదని నా తలంపు. పార్వతి యెవ్వరు వినని కథ యడుగగా శివుడు చెప్పిన కారణమిది: దేవతలకు నిత్యము సుఖమే, మనుష్యులకు నిత్యము దుఃఖమే, దివ్యమును మానుషమును గలసిన నడవడిక భేదముచేత మనోహరము, కావున విద్యాధరుల చరితము చెప్పెదను, అని. ఇది భక్తిమాట గాదు, అలంకారికుని మాట. సుఖమే యున్నచోట గథ కదలదు. దుఃఖమే యున్నచోట నాశ పుట్టదు. రెంటికి నడుమ నొక జాతి వలయును. ఆ నడిమి జాతికి బైకెగయు సాధనమును క్రిందబడు భయమును రెండును నుండవలయును. విద్య యా రెంటిని నొక్కటిగా నిచ్చినది.

ఇక బుధస్వామి యీ జాతిని బాఠకునకు బరిచయము చేసిన విధము చూడుడు. నరవాహనదత్తుడు చెలికాండ్రతో విహరించుచు నొక యిసుకదిన్నెను జేరును. మరుభూతి యచట నొక వింత గనును: ఇసుకలో జంటయడుగులు మాత్రమే యున్నవి, వచ్చిన జాడ లేదు, పోయిన జాడ లేదు. అప్పుడు గోముఖుడు తర్కించును. ఇవి దేవతల యడుగులు కావు; దేవతలు నేల నంటరు. యక్షరాక్షసులవి కావు, వారి స్థూలదేహపు బరువునకు బాదములు లోతుగా దిగబడును. సిద్ధులును ఋషులును దపస్సుచే గృశించినవారు. వారి యడుగుల తీరు వేఱు. కనుక నిది విద్యాధరుని యడుగు. అడుగు భారము మోసినవాని యడుగువలె నున్నది. భారమేమి? శిలయైనచో నింకను లోతుగా దిగవలె. చెట్టైనచో నాకులు రాలవలె. శత్రువైనచో నింత సొగసైన తావునకు నెవ్వడు తెచ్చును? కాబట్టి యది స్త్రీ; అదియు విద్య సిద్ధింపని స్త్రీ, ఏలయన సిద్ధించినచో దానే యెగురును, మోయబనిలేదు.

ఈ ఘట్టమును నేను బలుమారులు చదివితిని. విద్యాధరు డింకను గంటబడలేదు. ఐనను వాని జాతిధర్మములు, ఇతరజాతులతో వాని భేదము, వాని స్త్రీలలోనే విద్య గలవారును లేనివారును నుండుట, అన్నియు నొక్క యిసుకదిన్నెపై దెలిసినవి. వర్ణన లేదు, పట్టిక లేదు. అమరుడు వరుసగా జెప్పిన పేర్లనే గోముఖుడు బరువులుగా మార్చి తూచినాడు. నా శిష్యుని ప్రశ్నకు సరియైన యుత్తరము కోశవ్యాఖ్యలలో గాక యిక్కడ దొరకినది.

పిదప వారు జాడ వెంబడి పోయి, కదంబవృక్షమునకు నైదు ఇనుపమేకులతో దిగగొట్టబడిన యమితగతి యను విద్యాధరుని జూతురు. ఆకసమున దిరుగువాడు చెట్టునకు మేకులతో బిగింపబడుట! వాని కడనే యైదోషధులున్నవి: విశల్యకరణి, మాంసవివర్ధని, వ్రణసంరోహణి, వర్ణప్రసాదని, మృతసంజీవని. చేతులు బంధింపబడుటచే నవి యాతనికి నిష్ప్రయోజనములు. మనుష్యుడైన నరవాహనదత్తుడు వానిని దీసి ప్రయోగించి వానిని బ్రతికించును. విద్య యున్నవానికి మానవుడు ఋణదాత యగుట కథ కెంత బలము! ఓషధుల పేర్లలోనే చికిత్సాక్రమము గలదని వైద్యవిద్య నెఱిగినవారు గమనింతురు: ముల్లు దీయుట, కండ పెరుగుట, పుండు మానుట, వన్నె తేరుట. ప్రాణము పోసెడిది తుదను నిలిచినది.

సోమదేవుడు వేఱుదారి ద్రొక్కినాడు. ఆయనకు విద్యకంటె శాపము మీద మక్కువ హెచ్చు. ఎవడైన మహిమ గోల్పోవలె నన్న నొక మునిని దెచ్చి శపింపజేయును. ఒకటి రెండుచోట్ల నిది రమ్యము. పదేపదే వచ్చినపుడు కవి సోమరితనమని తోచును. కాని శక్తిదేవుని కథలో నా శాపమే యపూర్వమైన దృశ్యమును గల్పించినది. కనకపురిని జూచినవానినే వరింతునని కనకరేఖ పట్టుపట్టగా, బ్రాహ్మణుడైన శక్తిదేవుడు సముద్రములు దాటి యా పురి చేరును. అందు నిషిద్ధమైన మేడ యెక్కి తలుపు తెఱచి చూడగా మంచముపై నిర్జీవముగా బడియున్నది కనకరేఖయే! పక్క మందిరములలో మఱి యిద్దఱు కన్యల దేహములు నట్లేయున్నవి. వారు శాపవశమున భూమిపై బుట్టి మనుష్యజీవితము గడపుచుండగా, వారి విద్యాధరదేహము లిక్కడ గాచుకొని యున్నవి. ఒక జాతి రెండులోకములలో నొకేసారి యుండుట యనగా నేమో యింతకంటె స్పష్టముగా జూపిన ఘట్టము నేనెఱుగను. శక్తిదేవుడును దుదకు విద్యాధరరాజై శక్తివేగుడగును. సూర్యప్రభుడు మయునివలన విద్యలభ్యసించి యదేదారి నడచును. విద్యాధరత్వము మనుష్యునకు మూసిన తలుపు కాదని సోమదేవుడును నొప్పుకొన్నట్లే.

శాపమునకును గట్టుబాటునకును గల భేద మొక్క యుదాహరణముతో దేటపడును. మానసవేగుడు మదనమంచుకను గొనిపోయినను బలాత్కరింపలేకపోవును. ఏల? ఇష్టపడని స్త్రీని దాకినచో జచ్చునని వానికి శాపమున్నదట. ఇది వాని యొక్కని కథ. హేమచంద్రుడు 12వ శతాబ్దిలో త్రిషష్టిశలాకాపురుషచరిత్రమున జెప్పినది దీని ప్రక్క బెట్టి చూడుడు. నాగరాజైన ధరణేంద్రుడు నమివినములకు విద్యలిచ్చెను. వైతాఢ్యపర్వతమున దక్షిణశ్రేణిలో నేబదిపురములు, ఉత్తరశ్రేణిలో నఱువదిపురములు వెలసెను. విద్యలతోబాటు శాసనమును నిచ్చెను: జినులను జినాలయములను మునులను నవమానించువారిని, దంపతులను జంపువారిని, ఇష్టపడని స్త్రీని బలాత్కరించువారిని విద్యలు తక్షణము విడిచిపోవును, అని. ఒకచోట నొక్కని శాపమైనది ఇంకొకచోట జాతికంతకు ధర్మశాసనమైనది. అధికార మిచ్చునపుడే దానిని గోల్పోవు విధము వ్రాసిపెట్టుట! సాహిత్యకల్పనగా జూచినపుడు నాకు హేమచంద్రునిదే మేలని తోచును. పాఠకు డొకసారి శాసనము వినినపిమ్మట, ప్రతివిద్యాధరుడు పరస్త్రీని జూచినప్పుడెల్ల వాని రెండుదారులును మనకు గనబడుచుండును. కవి వేఱుగా జెప్పబనిలేదు.

అయితే జైనకవు లీ నియమప్రీతిని మితిమీఱ జేసిన పట్టులును గలవు. విమలసూరి ప్రాకృతమున రచించిన పఉమచరియమునందు రాక్షసులును వానరులును విద్యాధరవంశములే. వానరులు కోతులు కారు, కోతిచిహ్నము ధ్వజముపై దాల్చినవారు. రావణునకు బదితలలు లేవు. కంఠహారపు రత్నములలో మొగము ప్రతిఫలించి యట్లు తోచెను. అంతయు యుక్తమే. కాని యుక్తమైనకొలది విస్మయము సన్నగిల్లినది. నియమము వింతకు గట్టు వలె నుండవలె. నీటిని నిలుపుటకు గాని యింకించుటకు గాదు. విమలసూరి బుద్ధి గొప్పది, కాని పదితలలను హారములోనికి దించిన చోట నా మనస్సు వాల్మీకి వైపునకే పరుగెత్తును.

హర్షుని నాగానందమున జీమూతవాహనుడును విద్యాధరరాజకుమారుడే. అతడు ఆకసగామియయ్యు గరుడుని ముందఱ దేహమును శిలపై నుంచును. ఎగురడు, మాయ పన్నడు. విద్యలేని మనుష్యుడే యీ పని చేసియుండిన నది సాహసము. విద్యగలవాడు చేయుటచే ద్యాగము. మతంగుడు రాజ్యము నాక్రమించినను జలింపనివా డగుటయు నీ కోవలోనిదే. జాతిలక్షణమును వాడకపోవుటయు దానిని జూపు మార్గమని హర్షు డెఱిగినాడు.

మన తెనుగువారికి మిక్కిలి పరిచితమైన కథతో ముగించెదను. మార్కండేయపురాణమున ఇందీవరాక్షుడను విద్యాధరుడు బ్రహ్మమిత్రుడను మునిని ఆయుర్వేద మడుగును, ముని యియ్యడు. అప్పుడు విద్యాధరుడు కనబడకుండ దాగి, శిష్యులకు జెప్పుచుండ విని, ఎనిమిదినెలలలో విద్య యంతయు సంగ్రహించును. సంతోషముపట్టలేక నవ్వును. ఆ నవ్వే యాతని బట్టి యిచ్చినది. అదృశ్యుడవై విద్య దొంగిలితివి గాన రాక్షసుడవు గమ్మని ముని శపించును. శాపమే కదా యని త్రోసివేయరాదు. ఇక్కడ శాపము నేరమునుండియే పుట్టినది. విద్యచే దానైనవాడు విద్యను దొంగిలించి తానుకాకుండ బోయినాడు. మతిదప్పి కన్నకూతురగు మనోరమనే తినవచ్చి, స్వరోచి యస్త్రాగ్నిచే శాపవిముక్తుడై, ఆ దొంగిలించిన యాయుర్వేదమునే యల్లుని కిచ్చును. దానితో స్వరోచి మనోరమ చెలికత్తెల రోగములు మాన్పును. వారిలో మందారుడను విద్యాధరుని కూతురు ప్రతిఫలముగా సర్వజంతుభాషలు దెలియు విద్య నాతని కొసగును.

ఆ విద్య వలననే పిమ్మట నొకనాడు భార్యలతో విహరించుచున్న స్వరోచి, కొలనిలో హంసయు జక్రవాకియు దన్ను గూర్చి యాడుకొను మాటలు వినును. హంస పొగడును, పెక్కండ్రు భార్యలు గలవానికి నిజమైన ప్రేమ యెక్కడిదని చక్రవాకి తీసివేయును. కొంతకాలమునకు నొక లేడియు నట్లే పలుకును. విద్య లేకున్న నవి వట్టి కూతలే. విద్య యుండుటచే నాతడు సిగ్గుపడెను.