‘ముఠా’ పదప్రయోగం: సమూహవాచకాల్లో వక్త దృక్కోణం – ఒక విమర్శ

వ్యాససంగ్రహం:
కొద్దిమంది కలిసికట్టుగా మెలిగే సమూహాన్ని సూచించడానికి తెలుగులో ముఠా, కోటరీ, కూటమి, దళం, బృందం వంటి పదాలున్నాయి. నిఘంటుదృష్టిలో ఇవి దగ్గరి పదాలే అయినా ప్రయోగంలో ఒకదాని స్థానంలో మరొకటి ఇమడదు. ‘ముఠా’ పదాన్ని ప్రధానాధారంగా తీసుకొని, సమూహవాచకం సమూహస్వభావంతో పాటు వక్త దృక్కోణాన్నీ తెలుపుతుందని ఈ వ్యాసం ప్రతిపాదిస్తుంది.

కీలకపదాలు: ముఠా, కోటరీ, కూటమి, అర్థగ్రామ్యత, సమూహవాచకాలు.

1. ఉపోద్ఘాతం:
నేరవార్తల శీర్షికల్లో ‘ముఠా గుట్టు రట్టు’ పడికట్టు మాటగా స్థిరపడింది. అక్కడ ముఠా అంటే రహస్యంగా నేరం చేసే సమూహం. అదే పత్రికలో మరో పుటలో ‘ముఠా కార్మికుల కూలిరేట్లు పెంచాలి’ అన్న వార్త కనిపిస్తుంది. అక్కడ ముఠా అంటే పట్టపగలు, అందరి ఎదుట బస్తాలు మోసే శ్రామికుల జట్టు. ఒకే పదం నిందగానూ వృత్తినామంగానూ చెల్లుబాటు కావడం పరిశీలించదగిన విషయం.

2. ‘ముఠా’ – ప్రయోగక్షేత్రాలు:
మహాప్రాణాక్షరం, దీర్ఘాంతం ‘ముఠా’ అచ్చతెలుగు పదం కాదని తెలుపుతున్నాయి. దీని ప్రయోగాన్ని మూడు క్షేత్రాలుగా విభజించవచ్చు.

మొదటిది భూపరిపాలన. గోదావరి, విశాఖ మన్యాల్లో కొన్ని గ్రామాల సముదాయం ఒక ముఠా. దానిపై అధికారం గలవాడు ముఠాదారు. 1879 నాటి రంప తిరుగుబాటులో ముఠాదారుల పాత్ర చరిత్రప్రసిద్ధం. ఈ వ్యవస్థ రద్దుకు ఆంధ్రప్రదేశ్ ప్రభుత్వం 1969లో ప్రత్యేక నిబంధన తెచ్చింది.

రెండవది శ్రమ. కోస్తా పట్టణాల మార్కెట్లలో, గోదాముల వద్ద సరకు ఎత్తి దించే జట్టు ముఠా. దాని పెద్ద ముఠామేస్త్రి. 1993లో వచ్చిన ‘ముఠామేస్త్రి’ చలనచిత్రం ఈ వృత్తినామాన్నే కథానాయకుడికి బిరుదులా తొడిగింది.

మూడవది కలహం, నేరం. రాయలసీమ గ్రామకక్షలను ‘ముఠాకక్షలు’ అన్నారు. పార్టీల అంతర్గత విభేదాలను ‘ముఠాతత్వం’, ‘ముఠా రాజకీయాలు’ అంటున్నారు. దొంగల ముఠా, నకిలీనోట్ల ముఠా వంటివి పోలీసు పరిభాష నుంచి పత్రికాభాషకు వ్యాపించాయి.

దీనిని అర్థగ్రామ్యతకు ఉదాహరణగా పేర్కొని వదిలివేయడం సులభం. అయితే అర్థగ్రామ్యతలో హీనార్థం పూర్వార్థాన్ని తొలగిస్తుంది. ఇక్కడ శ్రామికార్థం తొలగిపోలేదు. రెండర్థాలూ సజీవంగానే ఉన్నాయి. కాబట్టి భేదాన్ని కాలంలో కాక వక్తలో వెతకాలి.

3. ఉత్తమపురుష పరీక్ష:
ఒక సమూహవాచకానికి ముందు ‘మా’ చేర్చి చూస్తే దాని స్వభావం బయటపడుతుంది. ‘మా బృందం’, ‘మా సంఘం’ సహజం. ‘మా కోటరీ’ అని పరిహాసానికి తప్ప ఎవరూ అనరు. కోటరీ ఎప్పుడూ ఎదుటివారి చుట్టూ చేరేదే. ‘దుష్టచతుష్టయం’ కూడా అంతే. భారతకథలో దుర్యోధన, కర్ణ, శకుని, దుశ్శాసనులకు పేరైన ఈ మాటను నేటి రాజకీయ ప్రసంగంలో ప్రత్యర్థులకే అంటగడతారు.

‘మా ముఠా’ అనే ప్రయోగం మాత్రం శ్రామికుని నోట ఏ సంకోచం లేకుండా వెలువడుతుంది. పార్టీ నాయకుని నోట వెలువడదు. అతనిది ‘వర్గం’, ప్రత్యర్థిది ‘ముఠా’. క్రియాపదాలూ ఈ తేడాను పాటిస్తాయి: బృందం పర్యటిస్తుంది, కూటమి ఏర్పడుతుంది, ముఠా పట్టుబడుతుంది.

‘దళం’ దీనికి భిన్నం. వైమానికదళం, అగ్నిమాపకదళం రాజ్యానివి; 1946–51 తెలంగాణ సాయుధపోరాటంలోని గెరిల్లా దళాలు రాజ్యాన్ని ఎదిరించినవి. క్రమశిక్షణను సూచించే పదం కనుక ఇరుపక్షాలూ దానిని సొంతం చేసుకున్నాయి.

‘కూటమి’ విషయంలో మరో చిక్కుంది. ఇది ‘కూడు’ ధాతువు నుంచి వచ్చిన దేశ్యం. కూటసాక్షి, కూటనీతి వంటి వాటిలోని ‘కూట’ వంచనార్థకమైన సంస్కృతపదం. ధ్వనిసామ్యాన్ని బట్టి కూటమిలో కుట్ర ఉందని వ్యాఖ్యానిస్తే అది చమత్కారమవుతుంది, వ్యుత్పత్తి కాదు.

4. పరిశోధకులకు దీని ప్రాధాన్యం:
ముఠాను ‘నేరస్థుల గుంపు’ అన్న ఒక్క అర్థానికే కుదిస్తే రంప ముఠాదారు దొంగల నాయకుడిగానూ, మార్కెట్ కూలీ అనుమానితుడిగానూ కనిపించే ప్రమాదముంది. చరిత్రపత్రాలను అనువదించేవారికి ఇది చిన్న పొరపాటు కాదు. అలాగే సాహిత్యచరిత్రలో ఒక రచయితల సమూహాన్ని ‘ముఠా’ అనో ‘కోటరీ’ అనో పేర్కొన్న విమర్శకుడు వర్ణన పేరుతో తీర్పు చెబుతున్నాడు. ఆ తీర్పుకు ఆధారం చూపవలసిన బాధ్యత అతనిదే. పేరు పెట్టడంతోనే ఆ బాధ్యత తీరదు.

5. ముగింపు:
• ‘ముఠా’ భూభాగాన్ని, శ్రామికజట్టును, కక్షిదారులను, నేరసమూహాన్ని సూచించే బహ్వర్థకపదం.
• ఒక సమూహవాచకం నిందార్థకమా కాదా అన్నది తేల్చడానికి ‘మా’ చేర్చి చూడటం ఉపయుక్తమైన పరీక్ష.
• నిఘంటువులు ఇటువంటి పదాలకు అర్థంతో పాటు ఎవరు ఎవరిని గురించి వాడుతారో కూడా సూచించాలి. లేకపోతే శ్రామికుని వృత్తినామం నేరవార్తల నీడలోనే మిగిలిపోతుంది.