'సాయిబులైనా తెలుగు బాగా రాస్తారు'

పశ్చిమ ప్రకాశంలో ఒక డిగ్రీ కాలేజీ. ఉగాది కవి సమ్మేళనం. మైకు ముందున్న తెలుగు మాస్టారు మా మిత్రుణ్ణి వేదిక మీదికి పిలుస్తూ అన్న మాట ఇది. హాలంతా చప్పట్లు. మా మిత్రుడు నవ్వి, నమస్కారం పెట్టి, కవిత చదివి దిగాడు. కింద కూర్చున్న మేమూ చప్పట్లు కొట్టాం. మాస్టారు మంచివారే. ప్రేమతోనే అన్నారు. అందుకే ఆ మాట ఇన్నేళ్ళైనా మమ్మల్ని వదల్లేదు. తిట్టయితే ఆ రోజే జవాబు చెప్పి ఉండేవాళ్ళం. మెప్పుకి ఏం జవాబు చెప్పాలి?

ఆ 'అయినా' దగ్గరే మా పేచీ. తెలుగు వాళ్ళది, మేం బయటి నుంచి వచ్చి నేర్చుకున్నాం అన్న నమ్మకం అందులో ఉంది. మార్కాపురం, గిద్దలూరు, కంభం, బేస్తవారిపేట వైపు ఏ ఊరికైనా వచ్చి చూడండి. దూదేకుల ఇళ్ళలో పుట్టిన బిడ్డ మొదట వినేది తెలుగే. పరుపులు కుట్టే చోట బేరం తెలుగులో. పీర్ల పండగకి గుండం చుట్టూ తిరుగుతూ పాడే పాట తెలుగులో. బ్రహ్మంగారి శిష్యుడు సిద్ధయ్య దూదేకులవాడే. ఆయన పేరు చెప్పుకుని తత్వాలు పాడే భజన బృందాల్లో కులమతాల లెక్క ఉండదు. పిఠాపురంలో ఉమర్ అలీషా (1885–1945) పద్యాలు, నాటకాలు రాశారు. పొన్నెకల్లు నుంచి వచ్చిన నాజర్ బుర్రకథతో ఊళ్ళకు ఊళ్ళను కదిలించారు. ఆయనకు 1986లో పద్మశ్రీ ఇచ్చారు. వీళ్ళలో ఎవరి పేరు ముందు 'అయినా' చేరుస్తారు?

అమెరికా విశ్వవిద్యాలయాల్లో రచన నేర్పే కోర్సులుంటాయి. అక్కడి విద్యార్థులు తాము రాసింది నలుగురి ముందు చదువుతారు. ఎవరి పుస్తకం అచ్చైందో, ఎవరికి బహుమతి వచ్చిందో ఆ శాఖలు గర్వంగా చాటుకుంటాయి. మన దగ్గర ఆ పని ఎక్కువగా చేసింది తెలుగు శాఖ గోడపత్రిక, కాలేజీ వార్షిక సంచిక, కవి సమ్మేళనం, యువజనోత్సవంలో కవితల పోటీ. మా పిల్లలు మొదటిసారి మైకు పట్టుకున్నది అక్కడే. కాబట్టి అక్కడ ఏం జరుగుతుందన్నది మాకు చిన్న విషయం కాదు.

అసలు అక్కడిదాకా చేరడమే మాకు పెద్ద ప్రయాణం. 1970లో ఒంగోలు జిల్లా ఏర్పడేదాకా మార్కాపురం, గిద్దలూరు ప్రాంతం కర్నూలు జిల్లాలో ఉండేది. ఆ కర్నూలులో 1947లో డాక్టర్ అబ్దుల్ హఖ్ ఉస్మానియా కాలేజీ పెట్టారు. తర్వాత 1976లో నాగార్జున విశ్వవిద్యాలయం వచ్చింది. అటు నంద్యాల వైపో ఇటు గుంటూరు వైపో రైలెక్కితే తప్ప మాకు పెద్ద చదువు లేదు. మార్కాపురం పలకల ఊరు. ఎక్కడెక్కడి పిల్లలో అక్షరాలు దిద్దిన పలకలు ఇక్కడి నుంచే పోయాయి. రాయి చీల్చి, నునుపు పట్టి, చట్రం బిగించిన చేతుల్లో మావీ ఉన్నాయి. ఆ చేతుల్లో చాలా వాటికి బలపం పట్టే వయసులో బడి లేదు. 2007లో వెనుకబడిన ముస్లిం వర్గాలకు 4 శాతం రిజర్వేషన్ వచ్చింది. దూదేకులు అంతకుముందే బీసీ-బీ జాబితాలో ఉన్నారు. ఇలా వచ్చిన సీట్లలో కూర్చుని చదివిన పిల్లలు కొందరు కవిత్వం రాశారు.

1991లో ఖాదర్ మొహియుద్దీన్ 'పుట్టుమచ్చ' వచ్చింది. దేశభక్తి రుజువు చేసుకోమని రోజూ అడిగించుకునే మనిషి, ఆ ప్రశ్ననే నిలదీశాడు. 1998లో 'జల్జలా' సంకలనం వచ్చింది. 2005లో షాజహానా 'నఖాబ్' వచ్చింది. తర్వాత గుర్తింపులూ వచ్చాయి. సలీం 'కాలుతున్న పూలతోట' నవలకు 2010లో కేంద్ర సాహిత్య అకాడమీ అవార్డు ఇచ్చారు. మా పొరుగు కడప జిల్లా వేంపల్లె షరీఫ్ 'జుమ్మా' కథలకు 2012లో అకాడమీ యువ పురస్కారం ఇచ్చారు. కవి అఫ్సర్ అమెరికా విశ్వవిద్యాలయాల్లో పాఠం చెబుతూ, అనంతపురం వైపు గూగూడు పీర్ల పండగ మీద రాసిన ఇంగ్లీషు పుస్తకాన్ని ఆక్స్‌ఫర్డ్ ప్రెస్సు 2013లో వేసింది. మా ఊళ్ళలో నిప్పుల గుండం చుట్టూ తిరిగినవాళ్ళ భక్తి పెద్ద పెద్ద గ్రంథాలయాల బీరువాల్లోకి చేరింది.

ఈ జాబితా చదువుకుంటే మాకు ఛాతీ ఉప్పొంగుతుంది. కాని ఒకటి అడగాలి. ఈ పేర్లు వేదికల మీద చదివినన్ని సార్లు ఈ పుస్తకాలు తరగతుల్లో చదివారా? "మావాళ్ళలో ముస్లిం రచయితలూ ఉన్నారు" అని లెక్క చెప్పడానికి జాబితా పనికొస్తుంది. మాస్టారి 'అయినా'కి జవాబు చెప్పడానికి మాత్రం చాలదు. పైగా దాన్ని బలపరుస్తుంది కూడా. ఇంతమందికి బహుమతులొచ్చాయి చూడండి, అయినా తెలుగు ఎంత బాగా రాశారో అంటారు!

ఇక చదివి వినిపించడం సంగతి. మమ్మల్ని వేదిక ఎక్కించినప్పుడు అడిగే కవితలు మూడు రకాలు. మొదటిది భాయీ భాయీ కవిత. రెండోది ఎక్కడో అల్లర్లు జరిగినప్పుడు కన్నీటి కవిత. మూడోది రంజాన్‌కి సేమియా కవిత. ఈ మూడూ మేం రాశాం. రాయకూడదని కాదు. కాని పలకల పనిలో దుమ్ము మింగి దగ్గే తండ్రి మీద కవిత ఎవరూ అడగలేదు. పేరు చెప్పగానే "ఇల్లు ఇంకొకరికి మాటిచ్చాం" అనే యజమాని మీద అడగలేదు. కంభం చెరువు కింద కౌలుకి చేసే సాయిబు అప్పు మీద అడగలేదు. మేం ఎప్పుడు ఏడవాలో, ఎప్పుడు అలయ్‌బలయ్ చేసుకోవాలో వేదికే నిర్ణయించింది.

తప్పు మాలోనూ ఉంది. మేం ముషాయిరా గాలి పీల్చినవాళ్ళం. అక్కడ మంచి పాదం పడితే వినేవాళ్ళు ముకర్రర్ అంటారు. కవి మళ్ళీ చదువుతాడు. ఆ పద్ధతిని మేం తెలుగు కవి సమ్మేళనంలోకి తెచ్చాం. మౌనంగా వినే సభకి అది కొత్త ఊపిరి. కాని రానురాను మళ్ళీ చదవడానికి పనికొచ్చే పాదం కోసమే రాయడం మొదలుపెట్టాం. చప్పట్లు పడే పాదం నినాదమైంది. మిగతా కవిత దానికి మెట్లయింది. గొంతు పెద్దదున్నవాడు గెలిచాడు. నానీమా వంటింటి మీద, నెమ్మదిగా విప్పుకోవాల్సిన కవిత రాసినవాడు మూడోవాడిగా చదివి దిగిపోయాడు. బహుమతుల జాబితాలో అతను లేడు. మా జ్ఞాపకంలో ఇప్పటికీ ఉన్నది అతని కవితే.

ఇంకో సంగతి. మా కవితలు అచ్చైతే పేజీ అడుగున అర్థాలు వేస్తారు. దస్తర్‌ఖాన్ అంటే ఇది, జనాజా అంటే ఇది అని. మైకు దగ్గర అడుగున పేజీ ఉండదు. మాట వినాల్సిందే, అర్థం కాకపోతే పక్కవాణ్ణి అడగాల్సిందే. 'జల్జలా' అన్న పేరే చూడండి. ఉర్దూ నాలుక మీద ఆ ధ్వని వేరు. తెలుగు లిపిలో దానికి అక్షరం లేదు. గొంతులో మాత్రం ఉంది. బహిరంగంగా చదవడంలో మాకున్న లాభం ఇదే. అచ్చులో పోయింది గొంతులో తిరిగొస్తుంది.

కాని ఎవరి గొంతులో? దూదేకుల పిల్లవాడు ఆ మాటని తెలుగు 'జ'తోనే పలుకుతాడు. అప్పుడు నవ్వేది హిందూ మిత్రులు కాదు, ముందు వరసలో కూర్చున్న మన షేకులు, సయ్యదులు. ఉర్దూ రాని తురకలని మన ఇళ్ళలోనే వాళ్ళని వెక్కిరించలేదా? వేదిక వాణ్ణి తెలుగువాడిగా పూర్తిగా ఒప్పుకోదు. జమాత్ వాణ్ణి ముస్లింగా పూర్తిగా ఒప్పుకోదు. మాస్టారి 'అయినా' మీద కోపం తెచ్చుకునే హక్కు కావాలంటే, మన నోట్లో ఉన్న 'అయినా'ని ముందు ఉమ్మేయాలి.

అమ్మాయిల మాట ఇంకా చేదు. రాసే ఆడపిల్లలు మాలో లేరని మేం కూడా చెప్పుకుంటూ వచ్చాం. అబద్ధం. నోటుబుక్కుల్లో రాస్తున్నారు. సాయంత్రం సభ అంటే ఇంటికి ఎలా వస్తావంటారు. మైకులో పేరు పిలిస్తే నలుగురూ ఏమనుకుంటారంటారు. ఆ మాటలు అంటున్నది అన్నలుగా, బాబాయిలుగా మేమే. షాజహానా పుస్తకం బీరువాలో పెట్టుకుని చెల్లెల్ని సభకి పోనివ్వని అభ్యుదయవాదుల్ని మేం అద్దంలో చూశాం.

ఇక మేం అడిగేది ఎక్కువ కాదు. తెలుగు శాఖలు మా కవిని పిలిచే ముందు ఆయన కవిత చదివి పిలవాలి. కవిత పోటీలో మా ఇంటి మాటల్ని భాషాదోషాలని మార్కులు తగ్గించకూడదు. అల్లర్ల ఏడాదే కాదు, మామూలు ఏడాది కూడా పిలవాలి. మేం చేయాల్సిందీ ఉంది. మార్కాపురం పలకల పనివాళ్ళ వీధిలో, గిద్దలూరు షాదీఖానాలో, పగటిపూట, అమ్మలు కూడా వచ్చి కూర్చునేలా చదువుదాం. విశ్వవిద్యాలయంలో చప్పట్లు పడ్డ కవిత అక్కడ నిలబడుతుందో లేదో చూద్దాం. నిలబడకపోతే తిరిగి రాద్దాం.

ఈ మధ్య ఒకమ్మాయి తన కవితని ఇంట్లో తల్లికి చదివి వినిపించిందట. తల్లి చివరిదాకా విని, ఒక మాట దగ్గర ఆపి, "అట్లా అనం కదే, ఇట్లా అంటాం" అని సరిచేసిందట. ఆ తల్లికి చదువు రాదు. మాకు తెలిసిన మంచి విమర్శల్లో అదొకటి. అందులో 'అయినా' లేదు.