మడతలో దాచిన బట్ట

మా అమ్మ నాకు పరికిణీ కుడితే అంచుకి పైన తప్పకుండా మూడు టక్కులు ఉండేవి. ఒక్కోటీ అంగుళం మడత. చూసేవాళ్ళకి అవి అలంకారం, అమ్మకి మాత్రం అది లెక్క. సంక్రాంతికి కుట్టిన పరికిణీ మళ్ళీ సంక్రాంతి వచ్చేసరికి చీలమండ దాటి పైకి పోయేది. అప్పుడు బ్లేడు తీసుకుని కింది టక్కు దారం తెంపేది. రెండంగుళాల బట్ట బయటికొచ్చేది. ఎండ తగలని బట్ట కదా, ఆ మేరకి రంగు కొత్తగా మెరిసేది. అది చూసి ఆ పరికిణీ ఎన్నేళ్ళదో బళ్ళో పిల్లలు చెప్పేసేవారు.

కుట్టుపని నేర్చుకున్న చాలా ఏళ్ళకి, గుడ్డతోనే బొమ్మ చెక్కినట్టు ఎత్తుపల్లాలు తెచ్చే సంచి కుట్టాలని కూర్చున్నప్పుడు ఆ టక్కులే గుర్తొచ్చాయి. స్మాకింగ్ అంటారు దీన్ని. పేరు కొత్తగా అనిపించవచ్చు గానీ పని మనకి తెలిసిందే. ఒకప్పుడు సోఫాల మీద ఉండే గుండ్రటి వెల్వెట్ దిండ్లు గుర్తు తెచ్చుకోండి. మడతలన్నీ సుడి తిరిగి మధ్య గుండీలో కలిసేవి. చంటిపిల్లల గౌన్లకి గుండెల మీద తేనెపట్టులా కుట్టేవారు. కుట్టు నేర్పే ప్రతి ఊళ్ళోనూ ఆ దిండు కుట్టడం వచ్చినావిడ ఒకరుండేవారు. దిండు మీద నుంచి అదే పని సంచి మీదికి వచ్చింది, అంతే.

అయితే నేను నేరుగా ఇక్కడికి రాలేదు. మొదటి సంచికి మడతలన్నీ ఇస్త్రీతో పెట్టాను. కాగితం పడవకి పెట్టినట్టు త్రికోణాలుగా మడిచి, తడి గుడ్డ వేసి, పెట్టె బాగా కాల్చి ఒత్తాను. లోపల అంటించే బక్రం వేశాను. వారం రోజులు ఎంత బాగుందో చెప్పలేను. ఒకరోజు బస్టాండులో వానకి తడిసింది. ఇంటికొచ్చి చూస్తే మడతలు మాయం. బక్రం అక్కడక్కడా ఊడి బుడగలు కట్టింది. ఆ సంచిని చాలా రోజులు దండెం మీదే ఉంచాను, తప్పెక్కడుందో తెలిసేదాకా తీయబుద్ధి కాలేదు.

తప్పు నూలుది కాదు, నేనడిగిన పనిది. నూలు పోగు నీళ్ళు తాగితే ఇస్త్రీ మడతని వదిలేస్తుంది. అది దాని స్వభావం. పట్టుదీ చాలావరకు అదే దారి. స్పెయిన్లో పుట్టి వెనిస్‌లో పనిచేసిన మరియానో ఫార్చునీ పేరు మీద 1907 ప్రాంతంలో డెల్ఫోస్ అనే పట్టు గౌను వచ్చింది. మెడ నుంచి నేలదాకా జాలువారే సన్నటి మడతలు. ఆ మడతలు ఎలా పెట్టారన్నది పూర్తిగా బయటపెట్టలేదు. అంతటి పనితనమూ తడిస్తే చెదిరేది. కొనుక్కున్నవాళ్ళు మళ్ళీ మడతలు పెట్టించుకోవడానికి అతని దగ్గరికే పంపేవారు. ఆ గౌన్లని వేలాడదీసేవారు కాదు. తాడులా మెలిపెట్టి, చుట్ట చుట్టి, గుండ్రటి పెట్టెలో పెట్టేవారు.

హిరోషిమాలో 1938లో పుట్టిన ఫ్యాషన్ డిజైనర్ ఇస్సే మియాకే ఇంకో దారి పట్టాడు. 1993లో వచ్చిన అతని ప్లీట్స్ ప్లీజ్ బట్టలు పాలియెస్టర్. ముందు బట్టని కావలసినదానికి రెండున్నర, మూడు రెట్లు పెద్దగా కుట్టేస్తారు. తర్వాత కాగితాల మధ్య పెట్టి, వేడి యంత్రంలోంచి మడతలతో సహా బయటికి తీస్తారు. పాలియెస్టర్ వేడికి మెత్తబడి, చల్లారేటప్పుడు ఉన్న ఆకారాన్నే పట్టుకుని ఉండిపోతుంది. ఉతికినా పోదు. ముందు కుట్టి తర్వాత మడవడమనే ఆ తలకిందుల ఆలోచన నాకెంతో ఇష్టం.

నేను కుట్టేది మాత్రం మంగళగిరి నూలు. నూలుకి వేడి జ్ఞాపకం ఉండదు కాబట్టి దారమే జ్ఞాపకం కావాలి. మడతకి ప్రతిచోటా ఒక ముడి ఉండాలి. అప్పుడు వాన వచ్చినా, ఉతికినా అది ఎక్కడికీ పోదు.

గుడ్డ ఎంపిక గురించి నాకు గట్టి అభిప్రాయం ఉంది. ఈ పనికి సాదా గుడ్డే కావాలి. పోచంపల్లి ఇక్కత్ తెచ్చి ఇందులో పెట్టొద్దు. పోగుపోగుకీ ముడులు కట్టి, రంగులద్ది, మగ్గం మీద లెక్క తప్పకుండా నేసిన బొమ్మని మళ్ళీ మడతల్లో పాతిపెట్టడం ఆ నేతగానికి చేసే అన్యాయం. అచ్చు గుడ్డ మీద మడతలు అసలు కనిపించవు కూడా. ఇక్కడ బొమ్మ వేసేది నీడ. కొలెట్ వోల్ఫ్ అనే అమెరికన్ ఆవిడ గుడ్డని ఎన్ని రకాలుగా మలచవచ్చో చెబుతూ 1996లో ఒక పెద్ద పుస్తకం తెచ్చింది. అందులో నమూనాలన్నీ రంగు వేయని మస్లిన్ మీదే. ఫొటోలు నలుపు తెలుపు. ఆ పుస్తకం తిరగేస్తే రంగు లేని లోటు ఒక్క పేజీలోనూ తెలియదు.

ఒక మీటరు గుడ్డ తీసుకోండి. పన్నా 44 అంగుళాలుంటుంది. ముందు రాత్రంతా నీళ్ళలో నానబెట్టి, గంజి పోయేలా ఉతికి ఆరేయాలి. కుంచించుకుపోయేదేదో గీతలు గీయకముందే కుంచించుకుపోవాలి. తర్వాత వెనక్కి తిప్పి, అంగుళానికొకటి చొప్పున పెన్సిలుతో చుక్కలు పెట్టాలి. అంచుకి రెండంగుళాల ముందే ఆపేయాలి. వెయ్యి దాటి నాలుగైదొందల చుక్కలవుతాయి. ముగ్గు పెట్టే చేతికి ఇది కష్టమనిపించదు గానీ మధ్యాహ్నం మొత్తం పడుతుంది. గడికొక పోగు చొప్పున తప్పితే చివర వరసకి అరంగుళం తేడా వస్తుంది. అందుకని తొందరపడను.

నేను కుట్టేది చాప అల్లికలా కనిపించే రకం. ఒక చుక్క దగ్గర రెండు పోగులు సూదికెత్తి, ఐమూలగా ఉన్న చుక్క దగ్గర మళ్ళీ రెండు పోగులెత్తి, దారం లాగాలి. రెండు చుక్కలూ వచ్చి ఒకదాన్నొకటి తాకుతాయి. ముడి వేయాలి. అక్కడి నుంచి కింది చుక్కకి వెళ్ళేటప్పుడు మాత్రం దారం లాగకూడదు. మధ్యలో గుడ్డ ఎంత ఉందో దారమూ అంత వదిలి, అక్కడ ముడి వేసి, మళ్ళీ ఐమూలకి వెళ్ళి లాగాలి. ఒకటి లాగాలి, ఒకటి వదలాలి. కొత్తగా నేర్చుకునేవాళ్ళు అన్నీ లాగేస్తారు. అప్పుడది చాప కాదు, నలిగిన గుడ్డ.

దారం రెండు పేటలు. కుట్టబోయే ముందు కొవ్వొత్తి మీద ఒకసారి లాగితే మైనం పట్టి చిక్కుపడదు, ముడి జారదు.

ఈ పనిలో నన్ను ఇన్నేళ్ళు పట్టి ఉంచింది ఒకటుంది. కుట్టేదంతా వెనకవైపు. చేతిలో కనిపించేది చిందరవందరగా ఉన్న దారాలు, గీతలు, గుంటలు. ముందువైపు ఏం జరుగుతోందో కుట్టేటప్పుడు తెలియదు. నాలుగు వరసలయ్యాక తిప్పి చూస్తాను. మడతలు ఒకదాని కింద ఒకటి దూరి, తాటాకు చాప నేసినట్టు, వేలితో తడిమితే గట్టులు, కాలవలు. ఎన్నిసార్లు కుట్టినా ఆ తిప్పే క్షణం నాకు పాతబడలేదు.

గుడ్డ ఎంత తగ్గుతుందని అందరూ అడుగుతారు. నా చేతిలో 12 అంగుళాల చదరం ఒకవైపు ఏడున్నరకి, ఇంకోవైపు తొమ్మిదికి వస్తుంది. మీ చేతి బిగువు వేరు, మీ గుడ్డ మందం వేరు. అందుకే 12 అంగుళాల ముక్క మీద ముందు కుట్టి, కొలిచి, ఆ తర్వాతే సంచి గుడ్డ ముట్టుకోండి. నా లెక్కన మీటరు గుడ్డ కుట్టాక దాదాపు 24 అంగుళాల వెడల్పు, 33 పొడవు అవుతుంది. మధ్యకి మడిచి పక్కలు కుట్టి, అడుగున ఆరంగుళాల పీఠం తీస్తే 18 అంగుళాల వెడల్పు, 13 ఎత్తు సంచి. నేత అంచులు రెండూ సంచి మూతి దగ్గరికి వస్తాయి. వేరే పట్టీ వేయక్కర్లేదు.

పక్కలు మిషను మీద కుట్టేముందు మడతల కొసలన్నీ ఒకే వైపుకి వాల్చి, గుండుసూదులు పెట్టి, చేత్తో కచ్చా కుట్టు వేసుకోవాలి. మందం ఎక్కువ కాబట్టి 16 నంబరు సూది, పొడుగు కుట్టు. కొన్నిచోట్ల కాలు తీసేసి చక్రం చేత్తో తిప్పుతాను. పీఠం దగ్గర మూలలు కోయను, లోపలికి మడిచి పట్టిస్తాను. ఇస్త్రీ పెట్టె ఎక్కడా ఆనించకూడదు. ఆనిస్తే ఒక్క ఒత్తుకి మూడు రోజుల పని చదునైపోతుంది.

బరువు మాటకొస్తే, స్మాకింగ్ మీద ఒక గ్రాము కూడా పడనివ్వకండి. ఆ ముడులు ఆకారాన్ని మోయగలవు గానీ బియ్యాన్ని మోయలేవు. లోపల మందపాటి క్యాన్వాస్‌తో వేరే సంచి కుట్టాలి. అది పై సంచి కంటే అరంగుళం పొట్టిగా ఉండాలి. పట్టీలు ఆ లోపలి సంచికే, అడుగుదాకా తీసుకెళ్ళి కుట్టాలి. అప్పుడు కూరలు, పుస్తకాలు ఏం వేసినా బరువు లోపలి సంచి మోస్తుంది. పైగుడ్డ తన మడతల్లో తాను నిబ్బరంగా ఉంటుంది. దుకాణాల్లో మొదటి నెలకే వదులైపోయే సంచులు చూస్తుంటాను. చాలావాటికి పట్టీలు పైగుడ్డకే కుట్టి ఉంటాయి.

ఇదంతా అయ్యేసరికి నాకు నాలుగైదు సాయంత్రాలు పడుతుంది. మీటరు గుడ్డ పెట్టి ఇంత చిన్న సంచా, రెండు సంచులయ్యేవి కదా అని అడిగినవాళ్ళున్నారు. వాళ్ళకి సంచి తిరగేసి లోపలి మడతలు చూపిస్తాను. పోయిందనుకున్న గుడ్డంతా అక్కడే ఉంది. పైగుడ్డకి ఎక్కడా కత్తెర పెట్టలేదు.

ఇలా కుట్టిన సంచుల్లో మొదటిది, చిలకపచ్చ రంగుది, ఎనిమిదేళ్ళు వాడాను. నిరుడు లోపలి క్యాన్వాస్ అడుగున చిరిగింది. బాగుచేద్దామని మొదలుపెట్టి, మనసు మార్చుకుని, బ్లేడుతో స్మాకింగ్ ముడులన్నీ ఒక్కొక్కటే తెంపాను. రెండు పూటలు పట్టింది. రాత్రంతా నీళ్ళలో నానబెట్టి పొద్దున్నే ఆరేశాను. మీటరు గుడ్డ మీటరుగానే తిరిగొచ్చింది. మడత లోపల ఉన్నచోట ముదురు పచ్చ, పైకి ఉన్నచోట వెలిసిన పచ్చ, వెనకవైపు మసకగా పెన్సిలు చుక్కలు. పన్నాకి రెండువైపులా అంచులుంటాయి కదా, మధ్యకి కోసి, రెండు అంచులూ కిందికి వచ్చేలా కలిపి మా మనవరాలికి పరికిణీ కుట్టాను. దానికిప్పుడు నాలుగేళ్ళు. అంచుకి పైన మూడు టక్కులు పెట్టాను.